చెప్పులు విడిచి వాయించేవాడు

షంషుద్దీన్ పేరెత్తితే మదనపల్లెలో ఆ కాలంవాళ్ళంతా అతని చేతుల గురించే చెబుతారు. వేళ్ళు అట్లా పరిగెత్తేవి, ఇట్లా ఆగేవి అని గాల్లో వాయించి చూపిస్తారు. చూపించనివ్వండి. పాటకచేరీల్లో అతని పక్కన నిలబడి పదేళ్ళకు పైగా పాడినదాన్ని నేను. నాకు ఆ చేతులు ఎప్పుడూ సరిగా కనపడలేదు, ఆర్గన్ పెట్టె అడ్డం ఉండేది. నాకు కనిపించింది దాని నాలుగు ఇనుప కాళ్ళ మధ్య అతని పాదాలు. పగిలిన మడమలు, ఎడమ బొటనవేలితో తాళం. ఏ ఊరైనా, ఏ స్టేజీ అయినా, చెప్పులు మెట్టు దగ్గర విడిచి వచ్చేవాడు.

ఆ ఉత్తికాళ్ళే అతని ప్రాణం తీశాయి. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి వినేవాళ్ళను ఏడిపించే ఓపిక నాకు లేదు. దాచడానికి ఇందులో ఏమీ లేదు కూడా. ఆ ఆర్గన్ మదనపల్లెలో దిగిన రోజు నుంచీ అది మమ్మల్ని హెచ్చరిస్తూనే ఉంది. మేం విన్నాం, విని మళ్ళీ పాటలో పడ్డాం.

అతని తండ్రి బాబు సాహెబ్‌కు బెంగుళూరు రోడ్డు పక్క సందులో హార్మోనియం రిపేరు కొట్టు ఉండేది. భజన గుంపుల పెట్టెలు, నాటకాలవాళ్ళ పెట్టెలు, చర్చివాళ్ళ పెట్టెలు, అన్నీ అక్కడికే వచ్చేవి. తిత్తి చిరిగితే తోలు అతికేవాడు, రీడు మూగబోతే గీకి పలికించేవాడు. కొట్టు ఎంత ఇరుకంటే లోపల ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు వీధిలో నిలబడాలి. కానీ గడప దాటాలంటే ఎంతటివాడైనా చెప్పులు బయట విడవాల్సిందే. ఒకసారి పోలీసాయన బూట్లతో లోపలికి వస్తే, బాబు సాహెబ్ పెట్టె మీద గుడ్డ కప్పేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడట. "మూత తెరిచిన పెట్టె ముందర చెప్పులేందప్పా, అది మాట్లాడతా ఉండాది కదా," అనేవాడు. షంషుద్దీన్ నడక నేర్చింది ఆ గడప మీద. చెప్పులు విడవమని అతనికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అన్నానికి ముందు చెయ్యి కడుక్కున్నట్టు అదీ వచ్చేసింది.

డెబ్బైల మొదట్లో కోలారు బంగారు గనుల దగ్గర ఒక చర్చి పెట్టె మొరాయిస్తే తండ్రి కొడుకును పంపాడు. ఒక పూట పని. వారం దాటినా కొడుకు తిరిగి రాలేదు. పెట్టె మొదటి రోజే బాగైందనీ, ఆ సాయంత్రం ఆంగ్లో ఇండియన్ల క్లబ్బు పక్కన నడుస్తుంటే లోపలి నుంచి ఏదో మోత వచ్చి అతన్ని కిటికీ దగ్గర నిలబెట్టేసిందనీ తర్వాత తెలిసింది. లోపల వాయిస్తున్నది మెల్విన్ అని, గనిలో ఫిట్టరు. టోపీ పెట్టి ఇంగ్లీషు మాట్లాడితే మావాళ్ళకు ఎవరైనా దొరే, కాబట్టి ఆయన మెల్విన్ దొర అయ్యాడు. వాయించింది కరెంటు ఆర్గన్. హార్మోనియం లాగా తిత్తి ఊదక్కరలేదు. వేలు తీసేదాకా స్వరం నిలబడే ఉంటుంది.

కిటికీ పట్టుకుని వేలాడుతున్న కుర్రవాణ్ణి మెల్విన్ లోపలికి పిలిచాడు. రికార్డులు వినిపించాడు. ఒక అట్ట మీద ఇంగ్లండులో పేరున్న ఒక వాయిద్యగాడి బొమ్మ ఉండేదట. భుజాల దాకా జుట్టు, రెండు పక్కలా రెండు పెట్టెలు, ఒక పెట్టెను రెండు చేతుల్తో ఎత్తి వంచి పట్టుకుని ఉన్నాడు. ఆ బొమ్మ గురించి షంషుద్దీన్ మాకు చెప్పినన్ని సార్లు తన పెళ్ళి గురించి కూడా చెప్పలేదు. ఆ మనిషి పేరు అతనికి నోరు తిరిగేది కాదు, అందుకని "ఆయప్ప" అనేవాడు. ఆయప్ప ఈడ ఇట్లా ఆగినాడు, ఆయప్ప ఎడమ చెయ్యి సూడు, అంటూ వేళ్ళతో బస్సు సీటు మీద వాయించేవాడు. ఊరికి తిరిగి వచ్చి జుట్టు పెంచాడు. బాబు సాహెబ్ మంగలిని ఇంటికి పిలిపించి, దగ్గర కూర్చుని తీయించాడు.

మెల్విన్ గని పని మానేసి ఆస్ట్రేలియా పోతూ ఆ ఆర్గన్‌ను షంషుద్దీన్‌కే ఇచ్చేశాడు. చర్చి పెట్టె పనులూ, ఇంట్లో ఉన్న పాత పెట్టెలూ, దేన్ని దేనికి బదులిచ్చారో వాళ్ళిద్దరికే తెలుసు. లారీకి ఎక్కించాక దొర దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్పాడట. బూట్లు వేసుకోకుండా దీన్ని ముట్టుకోవద్దు అని.

ఆ మాటను షంషుద్దీన్ ఎన్నేళ్ళు నవ్వుతూ చెప్పుకున్నాడో. "దొరలు చర్చిలోకీ బూట్లతోనే పోతారు కదా. వాళ్ళ వాయిద్యానికీ అదే మర్యాద అనుకుంటాండారు. వాళ్ళ మర్యాద వాళ్ళది, మన మర్యాద మనది," అనేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. ఎందుకు బూట్లు అని అతను అడగలేదు, ఇంత చిన్న సంగతి చెప్పాలా అని దొర చెప్పలేదు. దొరకు మర్యాద మాట మనసులోనే లేదు. మావాడికి మర్యాద తప్ప ఇంకో కారణం తోచలేదు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. నాది కలకడ పక్క పల్లె. కూలి చేసుకునే ఇల్లు. మా వాడ వాళ్ళు పెద్దిళ్ళ వీధిలో నడవాలంటే చెప్పులు చేత పట్టుకోవాలి. మా అమ్మ చెప్పులు కాళ్ళకంటే చేతుల్లోనే ఎక్కువ అరిగాయి. గొంతు బాగుందని ఒక బడి పంతులు నన్ను మదనపల్లె తెచ్చి ఈ గుంపులో చేర్పించాడు. మొదటి కచేరీ అయ్యాక నేను కొనుక్కున్నది హవాయి చెప్పులు, నీలం వార్లవి. వాటితో స్టేజీ ఎక్కాను. షంషుద్దీన్ చూసి, "అక్కమ్మా, చెప్పులు కింద ఇడిసి రా," అన్నాడు. నేను మైకు దగ్గరే నిలబడి, "ఇడవను. మా ఊర్లో ఇడిసిందే చాలు," అన్నాను.

అప్పటి నుంచీ మా ఇద్దరికీ అదే పోట్లాట. అతను పెట్టెకు మర్యాద అంటాడు. నేను నా కాళ్ళకు మర్యాద అంటాను. కొన్నాళ్ళకు అతను అడగడం మానేశాడు. నా చెప్పులు అతనికి నచ్చాయని కాదు. నేను ఎందుకు విప్పనో ఒకరోజు కాఫీ తాగుతూ చెప్పాను. అతను మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజుల వాయింపు సంగతి చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. ఇప్పుడు మీట నొక్కితే పెట్టెలోంచే డప్పు వస్తుంది, ఇంకో మీట నొక్కితే వయొలిన్లు వస్తాయి, వాయించేవాడు చుట్టాల వైపు చూసి నవ్వుతూ నిలబడొచ్చు. షంషుద్దీన్‌కు పది వేళ్ళు, రెండు చెవులు, అంతే. రాసుకున్న కాగితం ఉండేది కాదు. మాకు బేస్ గిటారు లేదు కాబట్టి ఆ పని అతని ఎడమ చెయ్యి చేసేది. కింది స్వరం ఒకటి చిటికెన వేలితో పట్టి ఉంచి, మిగతా వేళ్ళతో నడక నడిపేవాడు. నా గొంతు అలిసి కిందికి జారితే, నేను చెప్పక ముందే పాటను ఒక మెట్టు దించేసేవాడు. జనానికి తెలిసేది కాదు. నాకే తెలిసేది, తెలిసి లోపల్లోపల దండం పెట్టుకునేదాన్ని. పైకి మాత్రం, "ఏమన్నా, నిద్ర వస్తాండాదా, దించినావు," అనేదాన్ని.

సినిమా పాట నడుమ ఖాళీ దొరికితే చాలు, ఆయప్ప దారి పట్టేవాడు. మా కోలాటం అడుగు మీద ఆ ఇంగ్లీషు స్వరాలు ఎక్కించి, ముందు మెల్లగా, తర్వాత వేగంగా, ఎక్కడికి పోతున్నాడో మాకే తెలియకుండా పోయేవాడు. మొదట్లో పుంగనూరు జాతరలో జనం, "పాట ఎత్తుకోండప్పా, ఈ గోల యాల," అని అరిచారు. రెండో ఏడాది అరవలేదు. మూడో ఏడాది వాళ్ళే "దొరపాట" అని అడిగి వాయించుకున్నారు. మదనపల్లె కాలేజీ పిల్లలు దానికోసమే వచ్చి ముందు వరసలో కూర్చునేవాళ్ళు. చివర్న రెండు చేతుల్తో ఆర్గన్ అంచు పట్టి, ముందరి కాళ్ళు లేచేట్టు తనవైపు వంచి ఊపేవాడు, అట్ట మీది బొమ్మలో లాగా. జనం ఈలలు. అయ్యాక దాన్ని మెల్లగా దించి, తాకి కళ్ళకద్దుకునేవాడు. ఊపినందుకు క్షమాపణ అన్నమాట.

ఆ అంచు ఇనుము. మీటలు ప్లాస్టిక్కు, వాటిని ముట్టుకుంటే ఏమీ కాదు. అంచు ముట్టుకుంటే మాత్రం ఒక్కోసారి చీమలు పాకినట్టు ఉండేది. మైక్‌సెట్టు ఘని, అంటే మా గుంపుకు కరెంటు, స్పీకర్లు చూసుకునేవాడు, టెస్టరు పెట్టి చూస్తే టెస్టరులో లైటు వెలిగింది. లోపల ఎక్కడో కరెంటు పెట్టె ఇనుప ఒంటికి కారుతోందన్నాడు. మదనపల్లెలో దాన్ని విప్పి చూడగలవాడు లేడు. ఘని ఒక ఉపాయం కనిపెట్టాడు. దాని ప్లగ్గుకు రెండు పిన్నులే. ఒక పక్క పెడితే టెస్టరు వెలుగుతుంది, తిప్పి పెడితే ఆరిపోతుంది. అంతే, ఏ ఊరు పోయినా ఘని మొదటి పని అది. ప్లగ్గు పెట్టడం, టెస్టరు ఆనించడం, వెలిగితే తిప్పడం. "ఇంక వాయించుకో," అనేవాడు. ఆ మాట మీద మా కచేరీలన్నీ నడిచాయి. వానల్లేని ఏళ్ళు అవి, స్టేజీలు ఎండి ఉండేవి, అది కూడా మమ్మల్ని కాపాడింది. అంతా బాగానే ఉందనుకున్నాం.

ఎనభై దాటాక పుంగనూరులో ఒక పెళ్ళి. ఇంటి ముందర కళ్ళాపి చల్లి, ముగ్గులేసి, ఆ తడి నేల మీదే మాకు జంఖానా పరిచారు. ఘని వచ్చే బస్సు ఆలస్యమైంది. పెళ్ళివాళ్ళు తొందర పెడితే ఎవరో ప్లగ్గు పెట్టారు. షంషుద్దీన్ అంచు మీద ఎడమ చెయ్యి వేశాడు, ఎవరో తోసినట్టు వెనక్కి పడ్డాడు. పిల్లలు నవ్వారు. అతనూ నవ్వుతూనే లేచాడు. నాకు నవ్వు రాలేదు, అతని పాదం నేల మీద వణకడం నేను చూశాను.

ఆ తర్వాత పాటల్లో ఒక స్వరం రావడం మానేసింది. ఎడమ చేతి చిటికెన వేలు మొద్దుబారిపోయింది. పట్టి ఉంచాల్సిన కింది స్వరం జారిపోయేది. జనానికి ఏమీ తెలియలేదు. నాకు పాడేటప్పుడు కాలి కింద మెట్టు లేనట్టు ఉండేది. అతను సరిగా తినడం మానేశాడు. వేలికి నూనె రుద్దుకుంటూ కొట్టు గడప మీద కూర్చునేవాడు. అప్పటికి బాబు సాహెబ్ చనిపోయాడు, కొట్టు అతనిదే.

అతని భార్య సఫియా ఇంట్లో జాకెట్లు కుట్టేది. నెమ్మది మనిషి, కానీ పట్టిన మాట వదలదు. ఘనిని ఇంటికి పిలిచి కూర్చోబెట్టి అంతా అడిగింది. కాళ్ళకు రబ్బరు ఉంటే కరెంటు అంతగా పట్టదని ఘని చెప్పాడు. సఫియా, "అయితే ఆ దొర సెప్పింది మర్యాద కాదు," అంది. ఇన్నేళ్ళు మేమంతా నవ్విన మాటకు అర్థం ఆమెకు తెలిసింది. ఆ మధ్యాహ్నమే బజారుకు పోయి మందం రబ్బరు అట్టల తెల్ల కేన్వాస్ బూట్లు కొనుక్కొచ్చింది.

అతను ఒప్పుకోలేదు. "మా అబ్బా సూస్తే ఏమంటాడు," అన్నాడు. చచ్చిపోయిన మనిషి ఏమంటాడోనని బతికున్న మనిషి భయపడటం చూస్తే నాకు ఒళ్ళు మండింది. సఫియా కోప్పడలేదు. మొద్దుబారిన ఆ వేలు పట్టుకుంది. "ఈసారి ఇంకో వేలు పోతాది. వేళ్ళు లేకుండా మామ పేరు యాడ నిలబెడతావు," అంది. ప్రాణం పోతుందంటే వినని మనిషి వేలు పోతుందంటే విన్నాడు. బూట్లు తొడుక్కున్నాడు. ఆమె నా వైపు తిరిగి, "అక్కా, నువ్వు పక్కనే ఉంటావు కదా, కాళ్ళు సూస్తా ఉండు," అంది.

కొన్ని నెలలు బూట్లతోనే వాయించాడు. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు పెట్టె వైపు దొంగలా చూసేవాడు. కానీ చిటికెన వేలికి మెల్లగా స్పర్శ వచ్చింది. ఒకరోజు మదనపల్లెలో ఒక కచేరీలో ఆ కింది స్వరం మళ్ళీ నిలబడింది. నేను పాట మధ్యలో తిరిగి చూశాను. అతను తల వంచుకుని నవ్వుకుంటున్నాడు. పెద్ద గండం గడిచిందనుకున్నాను.

చివరి కచేరీ కుప్పం దగ్గర, శాంతిపురం దారిలో ఒక పల్లెలో. ఆ ఊరి పేరు చెప్పను, దానికి నా నోటి నుంచి పేరు కూడా రాకూడదు. గంగమ్మ జాతర. మధ్యాహ్నం ఉరుములతో వాన కొట్టింది. ఏళ్ళ తరబడి ఎండిన నేల కదా, జనం తడుస్తూ వీధుల్లో నిలబడ్డారు, అమ్మ దయ అన్నారు. మట్టి దిబ్బ మీద కొబ్బరి మట్టల పందిరి, అదే స్టేజీ. జంఖానా పిండితే నీళ్ళు కారేట్టుంది. ఘని ప్లగ్గు పెట్టి, టెస్టరు ఆనించి, తిప్పి, మళ్ళీ చూసి, "బాగుండాది, ఇంక వాయించుకో," అన్నాడు. గాలికి పడిపోయిన స్పీకరును చింతచెట్టుకు కట్టడానికి వెళ్ళాడు.

స్టేజీ ఒక పక్కన అమ్మవారి పటం పెట్టి దండలు వేశారు. కమిటీ పెద్ద మునెప్ప అక్కడికి వచ్చి ముందు షంషుద్దీన్ బూట్లు చూశాడు, తర్వాత నా చెప్పులు చూశాడు. నా మీదే నిలిచింది చూపు. నేను ఎవరి పిల్లనో అతనికి ఎవరో చెప్పినట్టున్నారు.

"అమ్మ ముందర సెప్పులేందమ్మా. మీ వాళ్ళు మా వీధిలో ఏసుకోని నడవరు. నువ్వు స్టేజీ ఎక్కినావు, అది సాలదా," అన్నాడు.

"అయితే పాడను. మనుషుల్ని పిలిచి సెప్పుకోండి, సెప్పుల కోసరం పాట ఆపినామని," అన్నాను.

కింద జనం చప్పట్లు కొడుతున్నారు, ఇంకా మొదలుపెట్టరేమని. మునెప్ప గొంతు పెంచాడు. సాయిబు బూట్లతో, నేను చెప్పులతో, అమ్మను అవమానం చేయడానికి వచ్చామా అన్నాడు. అతని వెనక నలుగురు చేరారు. నాకు మా అమ్మ చేతిలో పట్టుకున్న చెప్పులు గుర్తొచ్చాయి.

అప్పుడు షంషుద్దీన్ మా ఇద్దరి మధ్యకు వచ్చాడు. "మునెప్పా, మీకు కావాల్సింది మర్యాద. నేను విప్తాండాను. పెట్టె ముందర నేను ఎప్పుడూ విప్పేవాడినే. ఆమెను అడగద్దండి. ఆమె ఈ పక్కకొచ్చి, పటానికి దూరంగా నిలబడి పాడతాది," అన్నాడు.

మునెప్ప జనం వైపు ఒకసారి చూసి సరేనన్నాడు. షంషుద్దీన్ కూర్చుని ముళ్ళు విప్పి, బూట్లు తీసి, జతగా నా బట్టల పెట్టె పక్కన పెట్టాడు. నేను వంగి, "అన్నా, వద్దు. నేల తడి," అన్నాను. "ఘని సూసినాడు కదా. నువ్వు పాడు," అన్నాడు. అతని మొహంలో ఇన్నాళ్ళుగా లేని తేలిక కనిపించింది. తండ్రి కొట్టులోకి మళ్ళీ అడుగు పెట్టినట్టు అనిపించి ఉంటుంది. నాకైతే, మా వాడ పుట్టింది మొదలు మా వైపు నిలబడి మాట్లాడిన మొదటి మనిషి అతనే అనిపించింది. ఆ గర్వంలోనే పాట ఎత్తుకున్నాను.

ఇంకా పొద్దు గుంకలేదు. రెండు పాటలయ్యాయి. మూడో పాటలో ఉన్నట్టుండి ఆర్గన్ మూగబోయింది. మైకు ఉంది, డప్పు ఉంది, ఆర్గన్ ఒక్కటే లేదు. షంషుద్దీన్ మీటల మీద వేళ్ళు పెట్టి ఎదురుచూశాడు. కొద్దిసేపటికి పటం చుట్టూ ఎర్ర, పచ్చ సీరియల్ లైట్లు వెలిగాయి. జనం హో అన్నారు. ఆర్గన్ కూడా తిరిగి పలికింది. ఆ లైట్ల కోసం కమిటీవాడు ఒకడు మా ప్లగ్గు పీకి, పక్క రంధ్రాల్లో తిరిగి పెట్టాడని మాకు తర్వాత తెలిసింది. ఏ పక్కకు పెట్టాడో వాడు చూడలేదు. చూడాలని వాడికి తెలియదు. ఘని చింతచెట్టు కొమ్మ మీద ఉన్నాడు.

షంషుద్దీన్ దొరపాట మొదలుపెట్టాడు. వేళ్ళు ప్లాస్టిక్కు మీదే కదా, అతనికి ఏమీ తెలియలేదు. అంత బాగా అతను వాయించగా నేను ఎప్పుడూ వినలేదు. కింది స్వరం చిటికెన వేలి కింద గట్టిగా నిలబడింది. పైన కుడి చెయ్యి వాన కురిసినట్టు కురిసింది. అతని ఎడమ పాదం తడి జంఖానా మీద తాళం వేస్తుంటే చిన్న చప్పుడు వస్తోంది. నేను ఆ చప్పుడే వింటున్నాను. సఫియా చెప్పిందని కాదు, నా కళ్ళు వాటంతట అవే అక్కడికి పోయాయి.

చివరికి వచ్చాడు. రెండు చేతులూ మీటల మీద నుంచి తీసి అంచు పట్టుకున్నాడు, వంచి ఊపడానికి.

ఆర్గన్ ఊగింది. జనం ఈలలు వేశారు. ఇంకా ఊగింది. నేను కూడా ఒక్క క్షణం అతను ఊపుతున్నాడనే అనుకున్నాను. తర్వాత అతని పాదాలు చూశాను. తాళం లేదు. వేళ్ళు ముడుచుకుపోయి జంఖానాను పట్టుకున్నాయి.

నేను ఏమీ ఆలోచించలేదు. నీలం వార్ల రబ్బరు చెప్పు కాలితో ఆ పెట్టెను తన్నాను. ఏ పెట్టె ముందర చెప్పు విడవమని అతను నన్ను అడిగేవాడో, ఆ పెట్టెనే, ఉన్న బలమంతా పెట్టి తన్నాను. అది స్టేజీ మీద నుంచి కింద మట్టిలో మీటల మీద బోర్లా పడింది. అతను ఇటు పడ్డాడు. మీటలన్నీ నేలకు నొక్కుకుపోయి ఆర్గన్ ఒకటే అరుపు అందుకుంది, ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా. జనం అదీ దొరపాటలో భాగమే అనుకున్నారు. ఇంకా గట్టిగా ఈలలు వేశారు. ఘని చెట్టు దిగి వచ్చి ప్లగ్గు పీకేదాకా ఆ ఈలలూ, ఆ అరుపూ కలిసే వినిపించాయి.

జీపులో కుప్పం తీసుకుపోయాం. దారిలో అతని తల నా ఒళ్ళోనే ఉంది. ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, మళ్ళీ మెల్లగా కింద పెట్టాడు.

తెల్లారి వ్యానులో పుంగనూరు మీదుగా మదనపల్లెకు తెచ్చాం. ఆ పిల్ల చెప్పులు విప్పి ఉంటే వాడు బతికేవాడని మా గుంపులోనే ఒకడు వెనక సీట్లో అన్నాడు. నాకు వినపడాలనే అన్నాడు. నేను తిరిగి చూడలేదు. ఆ మాట ఈ రోజుకీ ఒప్పుకోను. విప్పమన్నవాడిని అడగండి, నన్ను కాదు. కానీ దారి పొడుగునా నా ఒళ్ళో అతని కేన్వాస్ బూట్లు ఉన్నాయి, వాటికి చిన్న మరక కూడా లేదు.

ఇంటి ముందర అప్పటికే చెప్పులు కుప్పగా ఉన్నాయి. వార్త మాకంటే ముందు వచ్చింది. సఫియా గడపలో నిలబడి ఉంది. ఏడవలేదు. నా చేతిలో బూట్లు చూసింది, ఒకటి తీసుకుని అడుగున రబ్బరు అట్ట తిప్పి చూసింది.

"ఏసుకోలేదా," అంది.

"ఏసుకున్న్యాడు. విప్పినాడు."

"యాల?"

ఇంకోలా చెప్పొచ్చు. వాన అనొచ్చు, ప్లగ్గు అనొచ్చు. "నన్ను సెప్పులు విప్పమన్న్యారు. నేను విప్పనంటే, నా బదులు ఆయన విప్పినాడు," అన్నాను. ప్లగ్గు సంగతి తర్వాత చెప్పాను. సఫియా రెండో బూటు కూడా నా చేతిలోంచి తీసుకుని, జతగా గడప పక్కన పెట్టింది.

నేను వంగాను. ఎవరూ చెప్పకుండా, నా అంతట నేను, చావింటి గడప ముందర కుడికాలి చెప్పు విడిచాను. రెండోది విడవబోతుంటే సఫియా కింద కూర్చుని నా మడమ పట్టుకుంది. విడిచిన చెప్పును మళ్ళీ నా కాలి ముందర పెట్టింది.

"ఏసుకో అక్కా. ఇవి నీ కాళ్ళకు ఉండాలనే కదా ఆయన విప్పింది. అట్లే లోపలికి రా," అంది.

లోపల ఒక ముసలామె ఏదో అనబోయింది. సఫియా ఆమె వైపు చూసింది, ఆమె ఊరుకుంది. నేను చెప్పులతోనే లోపలికి నడిచాను. కడిగిన గచ్చు మీద ఆ ఊరి బురద నా అడుగుల వెంట అతను పడుకున్న చోటి దాకా అంటుకుంది. సాయంత్రం దాకా ఎవరూ దాన్ని తుడవలేదు.